ముసలి యుద్ధనౌకకు కాపలా

సర్కారు కొలువంటే కుర్చీ, బల్ల, మధ్యాహ్నం పూట ఒక కునుకు అని మా ఇంట్లో అందరూ నమ్మిన రోజులవి. నేనూ నమ్మాను. గూడూరు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాది తిరక్కముందే ఆ నమ్మకం ఉప్పునీళ్లలో కలిసింది. తెల్లవాళ్ల కాలంలో యుద్ధాలు చేసిన పాత నౌక ఒకదాన్ని, ముక్కలు చేయడానికి మద్రాసు రేవుకు లాక్కుపోతుంటే, గాలివానకు తాడు తెగి మా తీరంలో ఇసుకతిప్ప ఎక్కి కూర్చుంది. ఫిరంగులు ఎప్పుడో ఊడదీశారు. మిగిలిందంతా తుప్పు. ఆ తుప్పును ఎవరూ విప్పుకుపోకుండా కాపలా కాయాలి. ఆఫీసులో పెళ్లికానివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తహసీల్దారు గారు నావైపు చూశారు. "నాలుగు రోజులేనయ్యా. లాగే పడవ వచ్చినాక, అప్పగించినట్టు కెప్టెను చేత సంతకం తీసుకొని వచ్చెయ్" అన్నారు.

నాలుగు రోజులు మూడు నెలలైనాయి. నౌక ఒక పక్కకు ఒరిగి ఉండేది. రాత్రి గది నడిమధ్యన పడుకున్నవాణ్ణి తెల్లారేసరికి గోడకు చేరేవాణ్ణి. అన్నం ముందు కూర్చుంటే పళ్లెం నన్ను వదిలి తన దారిన తాను పోయేది. (అంగుళం కదలని నౌకలో కడుపు తిప్పి వాంతులు చేసుకున్న మనిషిని నేనొక్కణ్ణేనని ఒడ్డునున్న పల్లెలో చాలాకాలం చెప్పుకున్నారట.) ఈత రాదు, నీళ్లంటే భయం. మనిషిని మార్చమని మూడు అర్జీలు పంపాను. "ఓపిక పట్టవలెను" అని మూడింటికీ కలిపి ఒకటే జవాబు వచ్చింది.

నాకు తిండి పెట్టింది పల్లెలో చేపలమ్మే ఒక అవ్వ. మధ్యాహ్నం కొడుకు ఆమెను తెప్పమీద తెచ్చి నౌకలో దింపి వేటకు పోయేవాడు, సాయంత్రం తిరిగొస్తూ ఎక్కించుకునేవాడు. "దీని అడుగున చిక్కుకొని మా వలలన్నీ చినిగిపోతుండాయి అబ్బయా, ఎప్పుడు వదుల్తాదో ఈ శని" అని తిట్టి, ఆ శని నీడలోనే కొంగు పరుచుకొని పడుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి, "ఇది ఎంతమందిని చంపుంటాదంటావు?" అని అడిగింది.

"నాకేం తెలుసవ్వా."

"దానికీ గుర్తుండదులే. ముసలిదైపోయింది."

చివరికి లాగే పడవ వచ్చింది. తాళ్లు కట్టారు. రేపు పెద్ద పోటుకు లాగుతామనీ, సంతకం అప్పుడు పెడతామనీ అన్నారు. మర్నాడు మధ్యాహ్నం పులుసన్నం తిని అవ్వా నేనూ కింది అరలో చెరో మూల వాలిపోయాం. మెలకువ వచ్చేసరికి నేల చదునుగా ఉంది. మూడు నెలల తర్వాత చదునైన నేలమీద నిలబడ్డానని ముందు సంతోషమే వేసింది. పైకెక్కి చూస్తే, ఒడ్డు సన్నటి గీతలా దూరంగా ఉంది.

"ఆపండి! మేం లోపలుండాం!" అని తువ్వాలు ఊపాను. ముందు పోతున్న పడవలోవాళ్లు మర్యాదగా తిరిగి చేతులు ఊపారు. కాసేపటికి సంగతి అర్థమై, ఆపితే మళ్లీ తిప్ప ఎక్కుతుంది, మద్రాసులో దిగండని గొట్టంలో అరిచారు. వెంటపడి వస్తున్న తెప్పమీది కొడుకుతో అవ్వ, "మద్రాసు పోతుండా, కోళ్లను మూసిపెట్టు!" అని కేకేసింది. నేను మాత్రం, సెలవు పెట్టకుండా తాలూకా దాటుతున్నాను, ఉద్యోగం పోతుందని ఏడుస్తూ కూర్చున్నాను. అవ్వ అడుగున కాస్త పులుసన్నం మిగిలిన గిన్నె నా ముందుకు తోసింది. "ఏడిస్తే ఎనక్కి పోతాదా? తిను."

మర్నాడు పొద్దున మద్రాసు రేవులో ఒక మూల, సగం కోసిన ఇంకో నౌక కనిపించింది. డొక్క తెరుచుకొని, లోపలి మెట్లూ గదులూ అందరికీ కనపడేట్టు నిలబడి ఉంది. మా నౌకను దాని పక్కనే కట్టారు. అవ్వ ఆ రోజు తిట్టలేదు. మెల్లగా దిగి, కొళాయి నీళ్లు గిన్నెతో పట్టి తెచ్చి నౌక ముక్కుమీద పోసింది. "పాత తెప్పను విప్పేముందు మా ఇంట్లో ఇట్టనే చేస్తాం. ఉప్పు కడిగి పంపాల" అంది. గిన్నె నాకిచ్చి, "నువ్వు కూడా పొయ్యి అబ్బయా, ఇన్నాళ్లు నిన్ను మోసిందిగా" అంది. గ్యాసుతో ఇనుము కోసే కూలీలు మమ్మల్నే చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. గిన్నె ఆమె చేతికే ఇచ్చేసి కెప్టెను వెంట సంతకం కోసం పరుగెత్తాను.

ఆఫీసుకు రాగానే మెమో సిద్ధంగా ఉంది, అనుమతి లేకుండా డ్యూటీ స్థలం ఎందుకు వదిలావని. "నేను వదల్లేదండీ, అదే నన్ను తీసుకొనిపోయింది" అని రాసిచ్చాను. తహసీల్దారు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వి, కాగితాన్ని పక్కన పడేశారు.

కొన్నాళ్లకు ఆ నౌక ఇనుము ఎటెటో పోయిందని విన్నాను. నేనూ రిటైరయ్యాను. సంతకమొక్కటి చేతికొస్తే చాలనుకున్న ఆ ఇరవై రెండేళ్లవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఒక్క గిన్నెడు నీళ్లు పోసి ఉంటే ఏం పోయేదిరా అని అడగాలనిపిస్తుంది. అంతలోనే నవ్వొచ్చి ఊరుకుంటాను. మూడు నెలలు ఒరిగి బతికినవాడు, పాపం, ఆ పొద్దున చాలా అలిసిపోయి ఉన్నాడు.