రైలు పెట్టెలో సిద్దమ్మ పేరు

మీరు తరగతి గది దాటిన మరుక్షణం మీ గురించి మీ టీచరు ఏమన్నారో మీకెవరైనా చెప్పారా? నాతో చదివిన ఒక అమ్మాయికి చెప్పారు. చెప్పింది నేనే.

నిన్న వికారాబాదు స్టేషన్ బయట ఒకామె ఉప్పు వేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయలు అమ్ముతోంది. ఆ వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. నా చిన్నప్పుడు మేం ఈ వికారాబాదులోనే ఉండేవాళ్ళం. అమ్మ తాండూరులోని ఒక సర్కారు బడిలో తెలుగు టీచరు, నేను అదే బడిలో ఆరో తరగతి. పొద్దున్నే పాసింజరు రైల్లో మాతోపాటు అయిదారుగురు టీచర్లు రోజూ ఒకే పెట్టె ఎక్కేవారు. వానాకాలమంతా గుట్టల మీది తడిగాలి కిటికీలోంచి ముఖాన కొట్టేది, బతుకమ్మ రోజుల్లో ఎవరి డబ్బాలోంచో తియ్యటి మలీద ముద్దలు చేతులు మారేవి, దసరా ముందర సీతాఫలాల గంపలు కాళ్ళకు అడ్డుపడేవి, చలి ముదిరేసరికి లెక్కల సారు సంచీనిండా కందికాయలు తెచ్చి అందరి ఒళ్ళోనూ గుమ్మరించేవారు. గింజలు ఒలుస్తూ, పొట్టు పాత పేపర్లో పోస్తూ తాండూరు చేరేలోపు లోకంలోని ముచ్చట్లన్నీ తెమిల్చేసేవారు. ఆ ముచ్చట్లలో ఎక్కువ పిల్లలవే.

సిద్దమ్మ నా తరగతే. తాండూరు శివార్లలో అవ్వ దగ్గర ఉండేది. అమ్మానాన్నలు బంట్వారం వైపు చేలల్లో ఎరువు కోసం గొర్రెల మంద కట్టుకుంటూ తిరిగేవారు. రెండో పీరియడుకల్లా తల వాల్చేసేది, లేపితే కసిరేది, పక్క పిల్ల జడ పట్టి గుంజేది. ఆమె బడికి తలనొప్పి అని టీచర్లనే మాట నిజమే. అయితే ఆటలో ఆమెకు సాటి లేదు. పాలిషింగు మిషన్ల దగ్గర పారేసిన నాపరాయి ముక్కను గుండ్రంగా అరగదీసి, తొక్కుడుబిళ్ళలో ఏ గడి కావాలంటే ఆ గడిలో వేసేది.

ఒక చలికాలపు ఉదయం లెక్కల సారు గింజలు నోట్లో వేసుకుంటూ మొదలుపెట్టారు: “నిన్న మూడుసార్లు పిలిచిన టీచర్, గా సిద్దమ్మ పలకదు! గొర్రెల్ల పండి పండి గొర్రె లెక్కనే అయింది. ఇంకోసారి పిలిస్తె ‘మే’ అంటదేమోనని భయమేసింది!”

పెట్టె అంతా నవ్వింది. ఎదుటి సీటులోని ముక్కూముఖం తెలియని ప్రయాణికుడూ నవ్వాడు. “మీకు అన్నీ పరాష్కాలే సార్” అంటూ అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సారు చెడ్డవారు కాదు. బడి వదిలాక సిద్దమ్మను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పేది ఆయనొక్కరే, అందుకోసం ఎన్నోసార్లు సాయంత్రం బండి తప్పిపోయింది కూడా. ఆ వేళాకోళం ఆయన అలసటలోంచి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆటలో నా కాలు గీత మీద పడిందని సిద్దమ్మ పట్టుకుంది. నాకు రోషం వచ్చింది.

“పోవే, గొర్రెల్ల పండేదానా! సార్లే అంటున్నరు, పిలిస్తె ‘మే’ అంటవంట.”

“ఎవరన్నరు?”

“రైల్ల అందరు. మా అమ్మ గూడ నవ్వింది.”

అమ్మ కూడా నవ్విందని వినగానే ఆమె ముఖం మారిపోయింది. బిళ్ళను నా చేతిలో పెట్టి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. నాలుగు రోజులైనా రాలేదు. మంద వెంట పంపేస్తారట అని పిల్లలు చెప్పుకోసాగారు. అలా వెళ్ళిన పిల్ల మళ్ళీ బడికి రావడం ఆ ఊళ్ళో అరుదు. అయిదో రోజు భయం పట్టలేక అమ్మకు చెప్పేశాను. అమ్మ నన్ను కొట్టలేదు. లెక్కల సారును పిలిచింది, ముగ్గురమూ సిద్దమ్మ ఇంటికి నడిచాం.

వాకిట్లో సిద్దమ్మ తల్లిలేని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. అలాంటివి నాలుగున్నాయి. తెల్లారక ముందే లేచి వాటికి పాలు పట్టి వస్తుందని అప్పుడు తెలిసింది మాకు. అవ్వ గొంగడి పరిచి కూర్చోమంది, నీళ్ళిచ్చింది, ఆ తర్వాత అడిగింది.

“మా పిల్ల మొద్దుదైతే మొద్దుదని నాకు జెప్పుండ్రి సారూ. కొట్టుండ్రి, తిట్టుండ్రి. రైల్ల జెప్తె గా ముచ్చట రైలెంబడి ఎన్ని ఊర్లు తిరుగుతదో, మేం యాడికని పోయి జవాబు జెప్పాలె?”

 సారు గొర్రెపిల్ల పక్కనే గొంతుక్కూర్చుని, “తప్పు నాదే బిడ్డా. రేపు బడికి రా” అన్నారు.

“మళ్ల గదే అంటరా సార్?”

“అనను.”

“రైల్ల?”

“రైల్ల గూడ అనను.”

మర్నాడు సిద్దమ్మ వచ్చింది. మొదటి పీరియడుకు ఆలస్యమైనా హాజరు వెయ్యాలని సారే హెడ్మాస్టరును ఒప్పించారు. పదో తరగతి దాకా ఆగకుండా చదివింది. నాతో మాత్రం మళ్ళీ ఆడలేదు. ఆ నాపరాయి బిళ్ళ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆనాటి నుంచి రైల్లో ఎవరైనా ఒక పిల్ల పేరెత్తితే చాలు, సారు గుప్పెడు కందికాయలు వాళ్ళ చేతిలో పెట్టి “ఇగో, జర ఇవి ఒలువుండ్రి. గా ముచ్చట స్టాఫ్ రూములో మాట్లాడుకుందాం” అనేవారు. స్టాఫ్ రూములో మాట్లాడుకునేవారు కూడా. మొండి పిల్లల గురించి టీచర్లు నోరెత్తకూడదని నేననను, తోటివారి సలహా లేకుండా వారు నెగ్గుకురాలేరు. ఎదుటివారు జవాబు చెప్పగలిగే చోటే ఆరోపణ చెయ్యాలని తరువాత కాలేజీ డిబేట్లలో నాకు నేర్పారు. గొంగడి మీద కూర్చుని ఆ పాఠం నేను ముందే విన్నాను.

సారు రిటైరయ్యారు. ఆ పెట్టె కచేరీ చెదిరిపోయింది, ఇప్పుడెవరి చెవుల్లో వారి ఇయర్‌ఫోన్లు. నేను బి.ఇడి. శిక్షణకు వెళ్తున్న బడిలో పోయిన వారం టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది: బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్న పిల్ల, కింద వరుసగా నవ్వు బొమ్మలు. ఆ రైలుకైనా చివరి స్టేషనంటూ ఒకటి ఉండేది, ఈ ఫోటో ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. నేనూ ఆ రోజు నోరు మెదపలేదు.

టీచర్లారా, మీ అలసట నేనెరుగుదును, అది మా అమ్మ కళ్ళలో చూస్తూ పెరిగాను. అయినా అడుగుతున్నాను. మీ ఫోనులో అలాంటి ఫోటో ఉంటే ఇవాళే తీసెయ్యండి. రేపు ఆ పిల్ల పక్కన కాసేపు కూర్చుని, నిద్ర ఎందుకొస్తోందో ఆమెనే అడగండి. నేనూ రేపు అడుగుతాను.