వాతలు గుర్తుపట్టిన తాయి

చంద్రపూర్ లాల్‌పేట్‌లో మా కిరాణా దుకాణం షట్టర్ ఎత్తుతుండగా పక్కింటామె వచ్చి, అంగన్‌వాడీ తాయి పోయిందని చెప్పింది. మధ్యాహ్నానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులో దండ వేసిన ఆమె ఫోటో వచ్చింది. కింద వరసగా ‘దేవత లాంటి మనిషి’ అని సందేశాలు. రాసినవాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆమె గడప తొక్కొద్దని పిల్లలకు చెప్పినవాళ్ళే. అలా చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. గ్రూపులో రాయడానికి మొహం చెల్లక ఇక్కడ రాస్తున్నాను.

ఆమె రాజురా వైపు తెలుగు రైతుల ఇంటి ఆడపడుచు. ఇక్కడి మరాఠీ అలవాటుతో అందరం తాయి అనేవాళ్ళం, అంటే అక్క. మా దుకాణం పక్క గదిలోనే ఆమె అంగన్‌వాడీ. ఖిచిడీ వడ్డించే ముందు ముప్పై మంది పిల్లల చేతులూ కాళ్ళూ ఆమే కడిగేది. సహాయకురాలున్నా ఆ పని మాత్రం వదిలేది కాదు. మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా నీళ్ళు పోసి, మెడ వెనక తుడిచి, ఒక్కొక్కరినీ ఏవో కబుర్లడుగుతూ కడిగేది. ఈలోపు ఖిచిడీ చల్లారిపోయేది.

“పెండ్లికి తయారుచేస్తున్నవా ఏంది తాయీ?” అని ఎగతాళి చేసేదాన్ని.

“బట్టలు అబద్ధమాడతయి వదినా, ఒళ్ళు ఆడదు,” అనేది.

ఒకసారి ఓ పిల్ల గుడ్డు జేబులో దాచుకుంటే సహాయకురాలు దొంగ అంది. తాయికి కోపమొచ్చింది. “దొంగ అనకు. ఇంట్ల గిన్నె ఖాళీగున్నదేమో పోయి చూసిరా,” అంది. ఆ ఇంట్లో నిజంగానే రెండు రోజులుగా పొయ్యి వెలగలేదు.

తొమ్మిదేళ్ళ కిందట మా వరసలో చివరి క్వార్టర్‌కి ఐదేళ్ళ పిల్ల వచ్చింది. తల్లి పోతే మేనత్త తెచ్చుకుంది. పక్క తడుపుతోందని వాత పెట్టింది. మాకెవరికీ అది వింతగా తోచలేదు. కామెర్లకీ వాతే, వాంతులకీ వాతే. మా అత్తగారు నా పెద్దకొడుక్కి కడుపు మీద పెడుతుంటే వాడి కాళ్ళు పట్టుకున్నది నేనే. అందుకే ఆ పిల్ల చేతి మీద మచ్చ చూసి మందే అనుకున్నాను. రెండోది, మూడోది కనబడినా అలాగే అనుకున్నాను. అలా అనుకుంటే నిద్ర పట్టేది.

తాయి ఒకరోజు దుకాణంలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

“వదినా, రోగానికి పెట్టే వాతకు ఒక చోటు ఉంటది. కోపానికి పెట్టే వాతకు చోటుండదు. కడుగుతుంటే చూసిన, ఆ పిల్లకు చెయ్యి మీద, పిక్క మీద, వీపు మీద ఉన్నయి. పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిన, ఆఫీసు సార్లు వస్తరు. నువ్వు చూసిందే చెప్పు, చాలు.”

సరేనన్నాను. ఆ సాయంత్రం మా తెలుగు పెద్దలు కూర్చున్నారు. మేనత్త భర్త బొగ్గు గనిలో సర్దారు, కూలీల మీద పెద్ద, గణపతి మండపానికి ముందుండే మనిషి. “మరాఠోళ్ళ ముందట మనోళ్ళ ఇజ్జత్ తీసుకుంటమా? మన ముచ్చట మనమే చూసుకుందం,” అని తేల్చారు. మా ఆయన ఇంటికొచ్చి నన్ను నోరు మూసుకోమన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన అనకపోయినా మూసుకునేదాన్నే.

అధికారులు వచ్చారు. వాతలు మా వైపు ఆచారం అని మేనత్త చెప్పింది. అవునని అందరం తలలూపాం. నన్ను విడిగా అడిగితే ‘మాహీత్ నాహీ’ అన్నాను, నాకు తెలియదని. పిల్లను పొద్దున్నే ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పి వెళ్ళారు. పొద్దునకి పిల్ల ఇంట్లో లేదు. ఊరికి పంపామన్నారు, ఏ ఊరో చెప్పలేదు.

ఫోన్ చేసింది తాయేనని తెలిశాక అంగన్‌వాడీకి ఆ వారం నలుగురే పిల్లలు వచ్చారు. నా చిన్నదాన్ని నేనూ ఆపేశాను. తాయి రోజూ అందరికీ వండింది. ఆదివారాలు రాజురా, కోర్పనా బస్సులెక్కి ఊరూరా తిరిగింది. నెల దాటాక ఓ బంధువుల కొట్టంలో, పశువుల పక్కన, పిల్ల దొరికింది. పోలీసులను వెంటబెట్టుకుని వెళ్ళి తెచ్చి ఆసుపత్రిలో చేర్పించింది. ఒళ్ళంతా పుళ్ళేనట. నయమయ్యాక పిల్లను హాస్టల్‌లో వేశారు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నెల ఆ పిల్లకు ఉండేది కాదు. దీన్ని ఎలా తిప్పి చూసినా ఇంతే.

తాయి నన్ను తిట్టలేదు. సరుకులకు మా దగ్గరికే వచ్చేది. ఒకసారి మాత్రం, “చెడ్డోళ్ళు ఒకరిద్దరే ఉంటరు వదినా. వాళ్ళకు తలుపు దగ్గరేసేది మనమే,” అని, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

తాయి పోయిన పదో రోజున టెంటు వేశారు. సర్దారే మైకు పట్టుకుని, తాయి మనోళ్ళకు గర్వకారణమన్నాడు. చప్పట్లు కొట్టాం. అప్పుడే హాస్టల్ నుంచి ఒక పొడుగాటి పిల్ల వచ్చి నా ముందు ఆగింది.

“పెద్దమ్మా, గుర్తుపట్టినవా?”

చూడగానే పట్టాను. అయినా తల అడ్డంగానే ఊగింది.

“నేను పట్టిన,” అని మెల్లగా చెప్పి, వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. చంద్రపూర్ మే నెల ఎండ. అందరం కొంగులతో, అట్టముక్కలతో విసురుకుంటున్నాం. ఆ పిల్ల చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. దాని పొడుగు చేతులకు మణికట్ల దగ్గర గుండీలు పెట్టుకుని, వాటిని ఒక్కసారైనా పైకి మడవకుండా, భోజనాలయ్యేదాకా అలాగే కూర్చుంది.