“త్వరలో” కింద పెన్సిలు గీత

మంగళవారం, ఆశ్వయుజం చివరి వారం. కుళాయి నీళ్లు పట్టడం అయింది, ఎనిమిది బిందెలు. దోసెల పిండి రుబ్బడం అయింది. దుప్పట్లు ఉతికి ఆరేయడం అయింది. ఎండ బాగుంది కాబట్టి నిమ్మకాయ ఊరగాయ జాడీ మిద్దె మీద పెట్టడం అయింది. అత్తయ్య మోకాలికి నూనె రాయడం అయింది. పేపరు జిల్లా పేజీ చూసి గీతలు పెట్టడం అయింది. లస్కరు మామకు చదివి వినిపించడం మాత్రం కాలేదు.

పేపరు చంకలో పెట్టుకుని గేటు దాటేసరికి ఎదురింటి అరుగు మీద మామ కూతురు నిలబడి ఉంది. “అక్కా, నాయన పోయినాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే” అంది. ఆ పిల్ల ఏడవడం కూడా ఇంకా మొదలుపెట్టలేదు.

ఆ రోజు పేపరులో “త్వరలో” అనే మాట రెండు చోట్ల ఉంది. రెండింటి కిందా పెన్సిలుతో గీత గీసి ఉంచాను. జనం వచ్చారు, చాప వేశారు, దీపం పెట్టారు. చావు ఇంట్లో చేతిలో పేపరుతో నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు.

మామ మాకు వరసకు ఏమీ కాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తయ్య ఒక గిన్నె మజ్జిగ చేతికిచ్చి “ఎదురింటి మామకి ఇచ్చి రా” అంది. ఆ రోజు నుంచి ఆయన నాకు మామ, నేను ఆయనకు కోడలిని. చెరువు తూము ఎత్తి కాలువలకు నీళ్లు వదిలే ఉద్యోగం చేశాడు. ఆ పని చేసేవాళ్లను మా వైపు లస్కరు అంటారు. ఉద్యోగం దిగిపోయి ఎన్నో ఏళ్లయినా ఆ ఖాకీ చొక్కా వదల్లేదు. చివర ఇనప కొక్కెం ఉన్న కర్ర పట్టుకుని పొద్దున్నే వీధి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాడు. సైడు కాలువలో ప్లాస్టిక్ కవరు కనపడితే కొక్కెంతో లాగి గట్టున పడేసి, ఆ ఇంటి వైపు ఒకసారి చూసేవాడు. ఆ చూపుకే మా వీధిలో చాలామంది చెత్తబుట్టలు కొన్నారు.

మామకు తన సంతకం, తూము దగ్గర నీటిమట్టం చూపే గేజి మీద అంకెలు తప్ప చదువు రాదు. కానీ ఊరి సంగతుల మీద ఆయనకు ఉన్నంత అభిప్రాయం చదువుకున్న మాకెవ్వరికీ లేదు. అందుకే రోజూ నేను జిల్లా పేజీ చదవాలి. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుని వినేవాడు. నచ్చని మాట దగ్గర అరచెయ్యి పైకి లేచేది. అంటే ఆపమని.

ఎక్కువగా ఆ చెయ్యి లేచేది “త్వరలో” అనే మాట దగ్గరే.

“ఏ త్వరలో కోడలా? మన త్వరలోనా, ఆఫీసు త్వరలోనా?”

“అది రాయలేదు మామా.”

“అయితే గీత పెట్టు.”

అలా మొదలైంది. నాకు ప్రతి పనీ రాసుకునే అలవాటు ఉంది. ఆ పుస్తకం వెనక పేజీల్లో ఊరికి వచ్చిన “త్వరలో”లన్నీ ఎక్కించాం. ఎవరు అన్నారు, ఏ పని గురించి అన్నారు, అయిందా లేదా. వీధి దీపాలు, బడి ప్రహరీ గోడ, రేవు దాకా బస్సు, మంచినీళ్ల ట్యాంకుకు మూత. సాయంత్రం గూడూరు నుంచి వచ్చి పేపరు తెరిచే మా ఆయన, “ఇదేందిది, అయ్యవారు పరీక్ష కాగితం దిద్దినట్టుండాది” అని విసుక్కునేవాడు.

మామ తిట్ల మనిషి అని మీరు అనుకుంటే అది నేను సరిగా చెప్పకపోవడమే. వీధి దీపాలు వెలిగిన మర్నాడు పుస్తకం తెమ్మని, ఆ పని ఎదురుగా నా చేత టిక్కు పెట్టించాడు. తర్వాత కర్రేసుకుని పోయి, తీగలు లాగిన లైన్‌మన్‌ను వెతికి పట్టుకుని “అబ్బయ్యా, మా వీధి ఎలిగిపోతా ఉండాది” అని చెప్పి వచ్చాడు. ఆ అబ్బాయి జడుసుకున్నాడట. లైట్లు వెలగలేదని చెప్పేదానికి వస్తారు గానీ, వెలిగినాయని చెప్పేదానికి ఎవరూ రారట. అప్పుడే మామ నాతో ఒక మాట అన్నాడు. “కానివొక్కటే రాస్తే అది లెక్క గాదు కోడలా, పగ. అయినవి గూడా రాయాల.”

సూళ్లూరుపేట అవతల నుంచి రాకెట్టు లేచినప్పుడు మా వీధి మొత్తం మిద్దెలెక్కి చూస్తాం. మామ మాత్రం అరుగు మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవాడు. పొగ గీత కరిగిపోయాక ఒకసారి అన్నాడు, “అంత పైకి దారి ఏసినోళ్లు మన మనుషులే గదా. మన వీధి నీళ్లకి ఆ చివరికి దారి ఎయ్యడం పెద్ద పనంటావా?” అందులో వెక్కిరింత లేదు. అయ్యే పనే అన్న ధైర్యం ఉంది.

ఇప్పుడు ఆ నీళ్ల సంగతి చెప్పాలి. ఇది రాయడానికి కూర్చున్నది కూడా దాని కోసమే.

మా ఊరు వాకాడు పక్కన. వీధికి తూర్పు వైపు మా ఇళ్లు, వాటి వెనక వరి కయ్యలు. పడమటి వైపు మామ వాళ్ల ఇళ్లు, మా ఇళ్ల కంటే కొంచెం పల్లం, కయ్యల కంటే మాత్రం మెరక. వాన పడితే ఆ వైపు నీళ్లన్నీ మట్టి వీధిని అడ్డంగా దాటి, మా ఇళ్ల పక్క సందులోంచి కయ్యల్లోకి పోయేవి. మామ ఇంటి గేటు రాతికి ఎర్ర రంగుతో ఆయన గీసిన గీతలు ఉన్నాయి. మొదటిది వీధి మట్టం, రెండోది మెట్టు, మూడోది గడప. వాన పడిన ప్రతిసారీ ఏ గీత తడిసిందో చూసి నాకు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. అప్పటిదాకా మూడో గీత తడిసిన రోజు లేదు.

మా వీధికి సిమెంటు రోడ్డు కావాలని అర్జీ పెట్టాలనుకున్నప్పుడు అందరూ మా వరండాలోనే కూడారు. రాసేది నేనే. మామ వచ్చి చివర కూర్చున్నాడు.

“రోడ్డు కింద తూము ఎయ్యాలని ఒక ముక్క రాయి కోడలా. మట్టి వీధి మీద నీళ్లు దాటిపోతాయి. సిమెంటు ఎత్తుగా ఏస్తారు. అప్పుడు అది రోడ్డు గాదు, మా ఇళ్ల ముందర కట్ట. తూము లేని కట్ట యాడన్నా ఉంటాదా?”

“మామా, రోడ్డే ఇంకా రాలేదు, అప్పుడే తూమంటావేందీ?” అన్నాడు మా వార్డు మెంబరు. “పిల్లని చూడకముందే ఉయ్యాల కొన్నట్టుండాది.”

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు.

“ఉయ్యాల లేకపోతే బిడ్డని చీరలో పడుకోబెట్టొచ్చబ్బా. తూము లేకపోతే నీళ్లని ఏ చీరలో పడుకోబెడతావు?”

నేను ఆ ముక్క రాయలేదు. నాకు ఒక పద్ధతి ఉంది. అంతకు ముందెప్పుడో రేషన్ కార్డులో పేరు దిద్దమనీ, చిరునామా మార్చమనీ ఒకే కాగితం మీద రాస్తే, అది రెండు బల్లల మధ్య నెలల తరబడి తిరిగింది. అక్కడి గుమాస్తా “ఒక కాగితానికి ఒకే కోరిక అమ్మా” అని నేర్పాడు. ఆ రూలు నాకు తెలుసని నాకు గర్వంగా ఉండేది. “తూముకి వేరే అర్జీ పెడదాం మామా, కలిపితే రెండూ ఆగిపోతాయి” అన్నాను. మామ నా ముఖం చూసి “సరే, నువ్వు రాసేదానివి, నీకు తెలుసు” అని సంతకం పెట్టాడు.

రోడ్డు వచ్చింది. నా అర్జీ చాలా పద్ధతిగా ఉందని ఆఫీసులో అన్నారట. మామ చెప్పులు విడిచి దాని మీద అటూ ఇటూ నడిచి, “నున్నగా ఉండాది. టిక్కు పెట్టు” అన్నాడు. రెండో అర్జీ నేనూ రాయలేదు, ఎవరూ అడగలేదు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. రెండో రోజు పొద్దున తలుపు తీస్తే మా వైపు వాకిలి కడిగినట్టు ఉంది. రోడ్డుకు అవతల వైపంతా నీళ్లు. మామ చెప్పినట్టే అది కట్ట అయింది. ఆయన ఇంట్లోకి మోకాళ్ల కింద దాకా నీళ్లలో నడిచి వెళ్లాను. కూతురు చెంబుతో నీళ్లు ఎత్తి కిటికీలోంచి పారబోస్తోంది. మామ మంచం మీద కాళ్లు ముడుచుకుని, పక్కన బియ్యం బస్తా పెట్టుకుని కూర్చున్నాడు.

“పుస్తకం తెచ్చినావా? మూడో గీత మీద నాలుగు వేళ్ల ఎత్తు. రాసుకో.”

“మామా, నన్ను తిట్టు.”

“నిన్ను తిడితే నీళ్లు పోతాయా? నీళ్లు అడిగి రావు, అడిగితే పోవు. దారి చూపించాల, అంతే.”

తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. ఏదో ఒకటి అనాలని, “తూము అర్జీ రాస్తా మామా, త్వరలో రాస్తా” అన్నాను.

అరచెయ్యి పైకి లేచింది. నీళ్ల మధ్యలో, మంచం కిర్రుమనేలా నవ్వాడు.

“ఆ మాట యాడో విన్నట్టుండాదే! పెన్సిలు తియ్యి. ఊరికొక రూలు, నీకొక రూలా?”

వెనక పేజీలో నా చేత్తో రాశాను: కోడలు. తూము అర్జీ. త్వరలో. ఈసారి గీత తనే పెడతానని పెన్సిలు తీసుకున్నాడు. మంచం కదిలి ఆ గీత వంకర పోయి కింది వరసలోకి జారింది.

నీళ్లు తీశాయి. గోడలు ఆరాయి. వాన పోతే వాన మాట కూడా పోతుంది. అత్తయ్య మోకాలి ఆపరేషన్ వచ్చింది, అమ్మాయి పరీక్షలు వచ్చాయి, ఎండాకాలం వచ్చింది. ఎండాకాలంలో తూము గురించి అర్జీ పెడితే ఎవరు చూస్తారని నాకు నేనే చెప్పుకున్నాను. వారానికి ఒకసారి మామ ఆ జాబితా మొత్తం చదివించుకునేవాడు. నా పేరు ఉన్న వరస దగ్గరికి వచ్చేసరికి నేను ఆగేదాన్ని. మామ కళ్లు తెరవకుండానే “తర్వాతది” అనేవాడు. ఒక్కసారి కూడా ఎందుకు కాలేదని అడగలేదు. ఆఫీసుల వాళ్లను అడిగినట్టు కూడా నన్ను అడగలేదు.

ఆ మంగళవారం ఆయన పోయాడు. కర్మకాండలు ముగిసిన తర్వాత వచ్చిన సోమవారం, ఇంటి పనులు కాక నేను చేసింది ఒక్కటే. అర్జీ రాశాను. ఈసారి కూడా ఒక కాగితానికి ఒకే కోరిక. పుస్తకంలోంచి వాన పడిన రోజులూ, నీళ్లు తాకిన గీతలూ వేరే కాగితం మీద వరసగా ఎక్కించి వెనక జత చేశాను. వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి సంతకం తీసుకున్నాను. మామ కూతురు తన పేరు రాసి, పక్కన తండ్రి పేరు కూడా రాయవచ్చా అని అడిగింది. రాయకూడదని చెప్పాల్సి వచ్చింది.

పంచాయతీ సెక్రటరీ కాగితాలు తిప్పి చూశాడు. “ఇవన్నీ ఎవరు కొలిచినారమ్మా?”

“మా ఎదురింటి లస్కరు మామ సార్.”

“ఆయన పోయినాడు గదా?”

“గీతలు ఉండాయి సార్. గేటు రాతి మీద.”

మర్నాడు ఆయన వచ్చి ఆ రాతి ముందు గొంతుక్కూర్చుని, వేళ్లతో గీత గీతకూ కొలిచి చూసుకున్నాడు. ఎక్కడ తవ్వాలో ఆ గీతలే చెప్తున్నాయని అన్నాడు. ఈ ఏడు వానలు ఇంకా పట్టలేదు. అవి పట్టేలోపు పని కావాలని మెంబరు వెంటపడ్డాడు. రోడ్డును కోసే రోజు వీధంతా వచ్చి నిలబడ్డాం. “కొత్త రోడ్డు! కడుపు తరుక్కపోతా ఉండాది” అంది మా పక్కింటి ఆమె. సిమెంటు గొట్టాలు గుంతలోకి దించుతుంటే మెంబరు, “ఉయ్యాల ముందే కొనుండాల్సింది అక్కా” అన్నాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

నిన్న శుక్రవారం మొదటి పెద్ద వాన కురిసింది. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చాక గొడుగు వేసుకుని అవతలికి వెళ్లాను. మామ ఇంటి వైపు నుంచి ఎర్రనీళ్లు రోడ్డు దాకా వచ్చి, ఒక్క క్షణం తిరిగి, గొట్టాల్లోకి దూరుతున్నాయి. ఇవతల కయ్యల వైపు అదే నీళ్లు బయటికి దూకుతున్నాయి. గొట్టం నోటికి ఒక ప్లాస్టిక్ కవరు అడ్డుపడింది. మామ కూతురు లోపలికి వెళ్లి కొక్కెం కర్ర తెచ్చి, దాన్ని లాగి గట్టున పడేసింది. గేటు రాతి మీద మొదటి గీత తడిసి ఉంది. రెండోదీ మూడోదీ, పైన వాన చినుకులు తప్ప, తడవలేదు.

అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచాం. ఆ పిల్ల చదువుతుంటే నేను కళ్లు మూసుకుని విన్నాను. నా వరస దగ్గరికి రాగానే ఆగింది. చెయ్యి చాపి పెన్సిలు అడిగాను.

శుక్రవారం. కుళాయి నీళ్లు, ఎనిమిది బిందెలు. ఊరగాయ జాడీ లోపల పెట్టడం అయింది. ఎదురింటి గేటు రాయి, మొదటి గీత. కోడలు, తూము అర్జీ, త్వరలో: అయింది. మామకు పడ్డ బాకీ తీరింది.