ఎర్రకోటలో నీటి వాటం

పదకొండేళ్లుగా ఢిల్లీలో ఉంటూ ఎర్రకోట లోపలికి ఈ రోజే వెళ్లాం. మా ఆయన ప్రభుత్వ క్వార్టర్ల మరమ్మతులు చూసే ఇంజినీరు. బాదుషాలు తిరిగిన మహల్లో పాలరాతి స్తంభాలు, వాటిలో పొదిగిన రంగురాళ్ల పువ్వులు చూస్తూ నేను అలాగే నిలబడిపోయాను. ఒక్కో రేకుకీ ఒక్కో ఛాయ. తీరా వెనక్కి తిరిగితే, ఈయన అడ్డంగా కట్టిన తాడుకి ఇవతల గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి నేలకేసి చూస్తున్నారు.

ఏదో పడిపోయిందనుకుని గార్డు కంగారుగా వచ్చాడు. "క్యా గిర్ గయా, అంకుల్?"

"కుఛ్ నహీ భయ్యా, స్లోప్ దేఖ్ రహా హూఁ." నీటి వాటం చూస్తున్నారట.

హాలు మధ్యలోంచి పోయే పాలరాతి కాలవ చూపించారు. ఇప్పుడు ఎండిపోయింది గానీ ఒకప్పుడు గది తర్వాత గది దాటుతూ నీళ్లు పారేవట. అంత పొడుగునా వాటం ఎక్కడా కంటికి ఆనదు. గార్డు కూడా వంగి ఒక కన్ను మూశాడు. వాళ్లని చూసి ఇంకో నలుగురు వంగారు.

తిరిగొస్తుంటే మెట్రోలో, "ఆ మేస్త్రీ కనపడితే కాళ్లకి దండం పెడతాను" అన్నారు.

"ముందు మన బాత్రూంకి తీసుకురండి" అన్నాను.

ఆర్.కె. పురంలో మా బాత్రూం మూల మూడేళ్లుగా నీళ్లు నిలుస్తున్నాయి. అడిగినప్పుడల్లా "పాత బిల్డింగ్ కదా" అంటారు. ఎర్రకోట మొన్న కట్టారు కాబోలు.

ఇంటికొచ్చి అరగంటైంది. మగ్గుతో నీళ్లు పోసి, ఒక కన్ను మూసుకుని ఆ మూలకేసి చూస్తున్నారు. మీ ఇంట్లోనూ ఇంజినీరుంటే ఒకసారి ఎర్రకోట చూపించి, ఏమైందో చెప్పండి.