టిక్కు పెట్టిన పేరు

విశాఖపట్నంలో ఒక ఫంక్షన్ హాలు. మధ్యాహ్నం రిసెప్షన్‌కి యాంకరింగ్ నాది. స్టేజీ వెనక కూర్చుని కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే వంటల వైపు నుంచి బిరియానీ కోసం వేయిస్తున్న లవంగాల వాసన వచ్చింది. అంతే, చేతిలోని మైకు నాది కాదనిపించింది. ఇన్నేళ్ళయినా ఇంతే. ఆ వాసన తగిలితే చాలు, నర్సీపట్నం దేవసహాయం గారు నా వెనకే నిలబడి "ఏటమ్మా, పేర్లు కనుక్కున్నావా?" అని అడుగుతున్నట్టుంటుంది. నాకూ ఇంత పేరొచ్చాక ఒక మనిషి మీద అసూయ ఇలా మిగిలిపోతుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేసేదాన్ని.

ఆయన్ని మీరు చూసి ఉండరు. పొట్టి మనిషి. కరెంటాఫీసులో మీటరు రీడింగు తీసే ఉద్యోగం, మిషను చర్చి వెనక వీధిలో ఇల్లు. తొంభైల్లో మా ఊళ్ళో పెళ్ళి విందైనా, స్కూలు వార్షికోత్సవమైనా, క్రిస్మస్ కార్యక్రమమైనా, బలిఘట్టం తీర్థంలో పాటకచేరీ అయినా మైకు ఆయన చేతిలోనే ఉండాలి. గొంతు కోసమని బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. ఆయనకి సహాయంగా వెళ్ళేదాన్ని నేను. ఆయన తర్వాత మైకు అందుకుంటే దాని స్పాంజి నిండా అదే వాసన. నాకు ఒళ్ళు మండిపోయేది. మిమిక్రీ ఆయన కంటే నాకే బాగా వచ్చు. పాట వచ్చు, డాన్సు వచ్చు. డిగ్రీ చదివే ఆడపిల్ల స్టేజీ ఎక్కి జోకులు వెయ్యడం అప్పట్లో మా ఊరికి వింత కూడానూ. జనం నాకు చప్పట్లు కొట్టేవాళ్ళు. కానీ ఎదురుచూసేది మాత్రం ఆయన కోసం. ఆ తేడా తెలిసిన రోజు ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు.

ఇంతా చేసి ఆయన చేసేదేమిటయ్యా అంటే, పేర్లు పిలవడం! కార్యక్రమానికి గంట ముందే వెళ్ళి గాడిపొయ్యి దగ్గర వంటవాళ్ళనీ, షామియానా కట్టేవాళ్ళనీ, మూల కూర్చున్న ముసలమ్మలనీ పలకరించి పేర్లు కనుక్కునేవారు. తర్వాత స్టేజీ మీద నింపాదిగా, "మనందరికీ వండిన అప్పలకొండ గారు తిన్నారో లేదో ఎవరైనా అడిగారేటండీ?" అనేవారు. హాలంతా నవ్వు. అప్పలకొండ సిగ్గుపడుతూ తువ్వాలుతో ముఖం తుడుచుకునేవాడు. నేను వారం రోజులు బట్టీపట్టిన జోకు ఆ పక్కన వెలవెలబోయేది.

"ఇందులో ప్రతిభ ఏముందండీ?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"నాకు ప్రతిభెక్కడిదమ్మా!" అని నవ్వారు. "మీటరు సూడ్డానికి ఎల్లినప్పుడు పేరెట్టి పిలిస్తే మంచినీళ్ళిత్తారు. లేపోతే కుక్కని ఒగ్గుతారు. నేను నేర్సుకున్నది అంతే."

ఒక నీలం అట్ట పుస్తకంలో, తను కార్యక్రమం చేసిన ప్రతి కుటుంబానికీ వాళ్ళ చుట్టాల పేర్లతో ఒక పేజీ ఉండేది. ఆ ఇంట్లో మళ్ళీ శుభకార్యం వస్తే పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి నా చేతికిచ్చి పంపేవారు. "పెద్ద ముసలమ్మ ఎవరో సూసి ఆవిణ్ణడుగు. మగోళ్ళకి సగం సుట్టాలు గుర్తుండరు" అని హెచ్చరించేవారు. నేను అడిగి, ఉన్నవాళ్ళ పేర్ల పక్కన టిక్కు పెట్టి తెచ్చేదాన్ని. నా ఉద్యోగం అదీ. టిక్కులు పెట్టడం.

ఒక ఏడాది పెళ్ళి విందొకటి నాకే ఇస్తానన్నారు. "నువ్వే సెయ్యాల. నేను కింద కూకుని సూత్తాను" అన్నారు. కొయ్యూరు వాళ్ళ అమ్మాయి పెళ్ళి, విందు నర్సీపట్నం చర్చి ఆవరణలో. పాయకరావుపేటలో ఆర్కెస్ట్రా నడిపే పెద్దమనిషి ఒకాయన వస్తున్నారనీ, వాళ్ళ ట్రూపుకి యాంకర్ కావాలనీ తెలిసింది. నేను కొత్త జాకెట్టు కుట్టించుకున్నాను. మా అమ్మ చెవులు చిల్లులు పడేదాకా సాధన చేశాను. తీరా ఆ రోజు పెళ్ళికూతురి తండ్రి వచ్చి, "పాప సెయ్యడమేటండీ? మా పెద్దమ్మాయి పెళ్ళికి మీరే సేసారు. దీనికీ మీరే సెయ్యాల" అని పట్టుపట్టాడు. దేవసహాయం గారు నా వైపు చూసి, తలొంచుకుని మైకు తీసుకున్నారు.

"ఏటీ అనుకోకమ్మా. ఈ పేజీ అడిగి బేగి తెచ్చేయ్."

అది పెద్దమ్మాయి పెళ్ళినాటి పేజీ. మొదటి పేరు పెళ్ళికూతురి తాతగారు, శామ్యూలు మాస్టారిది. మా నాన్న కొయ్యూరు బడిలో టీచరు. రెండు నెలల క్రితమే ఆ మాస్టారి సమాధి కార్యక్రమానికి వెళ్ళొచ్చారు. నాకు తెలుసు. షామియానా వెనక నిలబడి, ఎవరినీ అడక్కుండా, అన్ని పేర్లకీ టిక్కులు పెట్టాను. ఆ పేరుకి కూడా. ఒక్కసారి, ఆ ఆర్కెస్ట్రా ఆయన ముందు, ఈయన బోర్లా పడితే చూడాలనిపించింది.

"అంతా సరిగానే ఉందండీ" అని పుస్తకం ఆయన చేతిలో పెట్టాను.

"పెళ్ళికూతురి తాతగారు శామ్యూలు మాస్టారు వేదిక మీదికొచ్చి పిల్లల్ని దీవించాలి!" అని మైకులో పిలిచారు.

కుర్చీల చప్పుడు కూడా ఆగిపోయింది. పెళ్ళికూతురు ముఖం కప్పుకుంది. మొదటి వరసలో తెల్లచీర కట్టుకున్న ముసలావిడ కదలకుండా కూర్చుంది. దేవసహాయం గారికి క్షణంలో అర్థమైపోయింది. మైకు కట్టేసి, మెట్లు దిగి, ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"తప్పయిపోనాదమ్మగారూ. నేను అడిగి తెలుసుకోవాల్సింది."

ఆవిడ ఆయన తల మీద చెయ్యి వేసింది. "శుభకార్యమని పొద్దున్నుంచి ఆయన పేరు ఎవులూ ఎత్తట్లేదు బాబూ. నన్నూ ఎత్తనివ్వలేదు. నువ్వొక్కడివే పిలిసావు. పద, ఆయన బదులు నేనొత్తాను" అంది. ఆయన చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కి, ఏడుస్తూనే మనవరాలిని దీవించింది. ఆవరణంతా చప్పట్లు కూడా లేకుండా లేచి నిలబడింది. నేను తవ్విన గోతిలో పడి కూడా, నా జన్మలో నేను తెచ్చుకోలేని నిశ్శబ్దాన్ని తెచ్చుకున్నాడు ఆ మనిషి.

భోజనాలయ్యాక వైర్లు చుడుతూ నెమ్మదిగా అడిగారు. "మీ నాన్నగారు పనిసేసేది కొయ్యూరులోనే కదమ్మా?"

"అవునండీ" అన్నాను. ఆయన తలూపి ఇంకో వైరు అందుకున్నారు. అంతలో ఆర్కెస్ట్రా ఆయన వచ్చి, "మా ట్రూపుకి వచ్చేయండి మాస్టారూ" అన్నాడు.

"నాకు ఉద్యోగం ఉందండీ. ఈ పిల్లని తీసుకెళ్ళండి. నాకొచ్చిందంతా దీనికొచ్చు, పైన గొంతులు కూడా దించుతాది" అని నన్ను ముందుకి తోశారు.

ట్రూపు, తర్వాత కేబుల్ టీవీ, తర్వాత విశాఖ. నా బతుకంతా ఆయన వద్దన్న అవకాశమే. ఈ ముక్క ఇంటర్వ్యూల్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పోయాక పలకరించడానికి వెళ్తే, వాళ్ళావిడ ఆ నీలం పుస్తకం నా చేతిలో పెట్టింది. ఆ పేజీ వెతికాను. శామ్యూలు మాస్టారి పేరు, పక్కన నా టిక్కు, దాని పక్కన ఆయన దస్తూరీలో రెండు మాటలు: "నేను అడగలేదు." నా పేరు ఎక్కడా లేదు. ఎందరి గొంతులనో దించాను గానీ, ఆ రెండు మాటలు అంత మామూలుగా అనడం నాకు చాతకాదు. అందుకూ అసూయే.

లవంగాల వాసన ఇంకా వస్తోంది. ఈవెంట్ మేనేజరు పెద్దల పేర్ల లిస్టు తెచ్చి, "అంతా సరిగానే ఉంది మేడమ్" అంది. ఆ మాట నాకు బాగా తెలుసు. మైకు కుర్చీలో పెట్టి, లిస్టు పట్టుకుని, మొదటి వరసలోకి నడిచాను. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ ఎవరో చూసుకుని, పక్కన కూర్చుని అడిగాను.

"మీ ఇంట్లో ఈసారి ఎవరు లేరమ్మా?"