పెదనాన్నగారి పొద్దుటి నడక

మేం వయసులో ఉన్నప్పుడు కోనసీమలో ఒంట్లో బాగాలేకపోతేనే మనిషి తిండి తగ్గించేవాడు; ఒంట్లో బాగుండడం కోసం తగ్గించుకోవడం అనేది ఒకటుంటుందని ఎవరికీ తోచేది కాదు. నడకా అంతే. పనుంటే నడిచేవారు, లేకపోతే అరుగు మీద కూర్చునేవారు. ఊరికే నడిచే మనిషిని చూస్తే ఇంట్లో ఏదో గొడవ పడి వచ్చేశాడనుకునేవారు. అలాంటి కాలంలో, నేను నర్సు ట్రైనింగ్ పూర్తిచేసి అమలాపురంలో ఓ చిన్న ఆసుపత్రిలో చేరిన కొత్తలో, మా పెదనాన్నగారికి ఛాతీలో పట్టేసినట్టయింది. డాక్టరుగారు పరీక్ష చేసి, బీపీ బాగా ఎక్కువుందనీ, ఇలాగే వదిలేస్తే గుండెకి ముప్పనీ చెప్పారు. ఉప్పూ నూనే తీపీ తగ్గించాలి, రోజూ పొద్దున్నే వేగంగా నడవాలి అన్నారు.

పెదనాన్నగారు రాజోలు దగ్గర ఓ ఊళ్లో హైస్కూలు మాస్టారు. ఉప్పుచేప లేకుండా అన్నం తినడమంటే ఆయనకి ప్రార్థన చెయ్యకుండా తినడం లాంటిది. (ఆకలి మీదుంటే ప్రార్థనైనా కాస్త కుదించేవారు గానీ, ఉప్పుచేపని కుదించగా నేను చూడలేదు.) నన్ను పెంచింది ఆయనా, మా పెద్దమ్మా. పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, "పాపా, ఈయన మాట ఊళ్లో ఎవరూ కాదనరు, ఈయనా ఎవరి మాటా కాదనరు. నువ్వే ఎలాగైనా కాసుకోవాలే" అంది. ఆ రెండో మాటలో ఉన్న ప్రమాదం నాకప్పుడు తెలియలేదు. సెలవు పెట్టి వెళ్లి, ఉప్పుడబ్బా స్వాధీనం చేసుకుని, పథ్యం వంట నేర్పించి, పెద్ద డాక్టరునైపోయినట్టు బస్సెక్కి వచ్చేశాను.

నెల తిరిగేసరికి బీపీ దిగలేదు సరికదా, పెదనాన్నగారి చొక్కా బొత్తాలు బిగుసుకున్నాయి. పెద్దమ్మ హడలిపోయింది. "చప్పిడి కూడే తింటున్నారు, పొద్దున్నే వెళ్లి ఎండెక్కాక గానీ రారు. అయినా ఒళ్లొస్తోందంటే లోపల నీరు పడుతోందేమోనే పాపా!" అని ఏడ్చింది. నేను మళ్లీ సెలవు పెట్టి ఊరెళ్లాను. చదివిన చదువంతా తిరగేసినా ఏమీ అంతుపట్టక, మర్నాడు ఆయనతో పాటు నేనూ బయల్దేరాను.

కాలవ గట్టు ఎక్కామో లేదో మొదటి గుమ్మంలోంచి కేక. "వందనాలండి మాస్టారూ! ఏటండీ నడిచెళ్తన్నారు? సైకిలు పాడైపోయిందాండీ?"

"ఆయ్, లేదండి. డాక్టరుగారు నడవమన్నారు."

"అయ్యయ్యో, ఒంట్లో బాలేదాండి? మొహం పీక్కుపోయింది. రండి, ముందలా కూర్చోండి!"

పెసరట్టు వచ్చింది, కాఫీ వచ్చింది. పక్కింటావిడ, "ఆళ్లింటికొచ్చి మా ఇంటికి రాకుండా ఎళ్లిపోతారేటండీ?" అని కాజాల పళ్లెంతో ఎదురొచ్చింది. ఆ పైన గుమ్మం ఆయన పాత శిష్యుడిది. చివరికి ఇంకో శిష్యుడు సైకిలు దిగి, "తమరు నడుస్తుంటే నేను సైకిలెక్కి ఎలా ఎళ్తానండి?" అని వినయంగా ఆయన్ని వెనకాల కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపాడు. నడిచి వచ్చింది నేను.

"కాదనొచ్చు కదా పెదనాన్నగారూ!" అని ఇంటికొచ్చాక అరిచాను.

"గుమ్మంలోకొచ్చి పిలిచినవాళ్లని ఎలా కాదంటామే అమ్మడూ? నా గుండె కోసం వాళ్ల మనసు కష్టపెట్టమంటావా?" అన్నారు. నాకు కోపం, నవ్వు, భయం ఒక్కసారే వచ్చాయి.

ఆ ఆదివారం చర్చి అయ్యాక పెద్దమ్మ గట్టు మీద ఇల్లిల్లూ తిరిగి, మాస్టారికి ఉప్పులేని పల్చటి మజ్జిగ తప్ప ఇంకేం పెట్టినా తన మీద ఒట్టేనని చెప్పింది. మనవాళ్ల ఆదరణ మజ్జిగలోకి దిగితే తక్కువగా ఉంటుందా! ప్రతి గుమ్మంలోనూ కంచు గ్లాసు నిండా సిద్ధం. ఆయన దాన్నీ కాదనలేరు. కొన్ని గుమ్మాలు దాటేసరికి పొట్ట నిండి, ఇంకోచోట ఆగే వీల్లేక, పంచె ఎగ్గట్టి ఇంటివైపు దూసుకొచ్చేవారు. డాక్టరుగారు చెప్పిన వేగం అప్పుడొచ్చింది. శిష్యుడు సైకిలు దిగి "ఎక్కండి మాస్టారూ" అంటే, "ఆ కుదుపులకి ఇప్పుడు కుదర్దురా!" అని నడకే నమ్ముకునేవారు.

కొన్నాళ్లకి బీపీ దిగింది. పట్టీ విప్పుతూ డాక్టరుగారు, "నడక బాగానే సాగుతోందాండీ?" అని అడిగారు. "ఆయ్! వెళ్లడం మామూలేనండి, రావడం మాత్రం మహా వేగం" అన్నారు పెదనాన్నగారు. పెద్దమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. ఆ తరవాత ఆయన చాలా ఏళ్లున్నారు. నా పిల్లల్ని కూడా ఎత్తుకున్నారు.

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను. మొన్న పొద్దున్న గేటు దగ్గర నిలబడి ఉంటే, మా వీధిలోకి కొత్తగా వచ్చినాయన చెమటలు కక్కుకుంటూ నడుస్తున్నారు. నా ప్రమేయం లేకుండానే, "రండి బాబూ, కాస్త మజ్జిగ తాగి వెళ్దురుగాని" అనేశాను. ఆయన చెవిలోంచి ఏదో తీసి, "థాంక్సండీ, వాకింగ్‌లో ఉన్నాను" అని, అడుగైనా తగ్గించకుండా సాగిపోయారు. నడకంటే అదీ! జీవితమంతా రోగులకి నేను చెప్పింది అదే. నర్సుగా చాలా సంతోషించాను. కానీ ఆయన వీధి మలుపు తిరిగేదాకా గేటు వెయ్యబుద్ధి కాలేదు.