మొగిలి వ్యానుకు జీపు చక్రాలు

మల్లాపూర్ మొగిలి షార్జాలో ఏడేళ్లు టైర్లు విప్పి, బిగించి, ఇక జన్మలో ఆ ఎడారి మొహం చూడనని ఒట్టు పెట్టుకుని తిరిగొచ్చాడు. వచ్చి ఒక పాత వ్యాను కొన్నాడు. దాంతో ఎత్తుకున్న పనేమిటంటే, గల్ఫ్ పోయేవాళ్లను విమానం ఎక్కించడానికి శంషాబాద్ తీసుకెళ్లడం. నువ్వు తప్పించుకున్న చోటికే పక్కవాళ్లను సాగనంపుతావా అని భార్య ఊర్మిల ఒకసారి అడిగింది. పోయేవాడు ఎట్లాగూ పోతాడు, బస్సులో నిలబడి పోవడమెందుకని మొగిలి జవాబు. బండి నడిచినంతకాలం తాను మళ్లీ పోనక్కర్లేదు. అతనికి కావలసిందల్లా అదే.

నాలుగేళ్లు సాఫీగా నడిచింది. పోయిన ఎండాకాలం వెనకవాడ దేవయ్య వచ్చి చేతులు పట్టుకున్నాడు. గల్ఫులో చనిపోయిన అతని కొడుకు శవం ఇరవై రోజులకు పెట్టెలో హైదరాబాద్ చేరింది. తెచ్చే బండి దొరకలేదు. మొగిలి సీట్లు విప్పేసి పెట్టె తెచ్చాడు, దారి పొడుగునా దేవయ్యతో పాటు తానూ ఏడ్చాడు. మనిషంటే మొగిలేనని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరూ ఆ తర్వాత అతని బండి ఎక్కలేదు.

మనసులో మాట మొహం మీద అనడం మన దగ్గర మర్యాద కాదు కదా. పెట్టె మోసిన బండిలో బయలుదేరితే పెట్టెలోనే తిరిగొస్తామని ఎవరు నోరు తెరిచి చెబుతారు? సాకులు వెతికారు. శంకరయ్య కొడుకును వేరే కారులో పంపుతూ, "నీ బండి మరీ కిందికున్నది మొగిలీ, స్పీడ్ బ్రేకర్లకు తాకుతది" అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మొగిలి ఆ మాటనే గట్టిగా పట్టుకున్నాడు. రోగం టైర్లదైతే వైద్యుడు తానే ఉన్నాడు మరి.

కోరుట్ల పాతసామాన్ల దుకాణంలో నాలుగు జీపు చక్రాలు దొరికాయి. బోల్టులు కలవకపోతే జగిత్యాలలో లేతు మిషను అతనితో కలిపించాడు. స్టీరింగు తిప్పితే టైరు రేకుకు రాసుకుంది. రేకును సుత్తితో బాది, లొంగనిదాన్ని కోసేశాడు. వ్యాను జానెడు పైకి లేచి, కోడిపెట్టకు కొంగకాళ్లు అతికించినట్టు తయారైంది. మూడో గేరులో మూలిగితే అదే అలవాటవుతుందన్నాడు. ముసలివాళ్లు ఎక్కడానికి పీట కూడా చేయించాడు.

ఊరంతా వచ్చి చూసింది. టైర్లు తట్టారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. శంకరయ్య మాత్రం బండి ఇప్పుడు మరీ ఎత్తయిందని విచారించాడు. మొగిలి కొంచెం చిన్న టైర్ల కోసం మళ్లీ కోరుట్లకు లేచాడు.

ఊర్మిల బీడీల చాట పక్కన పెట్టింది. "ఇంకెన్ని టైర్లు మారుస్తవ్? ఆళ్లు చూసేది టైర్లను గాదు, ఎనుక పెట్టె పెట్టిన జాగను."

మొగిలి కూర్చుండిపోయాడు. తెలియక కాదు. ఊరి భయాన్ని విప్పే పానా ఏ దుకాణంలోనూ దొరకదు, అతనికొచ్చింది టైర్లు మార్చడం ఒక్కటే. ఆ సాయంత్రం బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి, గడువు ఎంతుందో చూశాడు. పొద్దున్నే ఏజెంటు దగ్గరికి పోతానన్నాడు.

పొద్దున బయలుదేరేలోగా బోయినపల్లి అనే పల్లె నుంచి వీరేందర్ అనే ఆయన ఫోను చేశాడు. "పెద్ద టైర్ల బండి నీదేనా అన్నా? ఎయిర్‌పోర్టుకు పోవాలె."

మొగిలి ప్రాణం లేచొచ్చింది. ఎందరు, ఏ రోజు, సామాను ఎంతని గుక్కతిప్పుకోకుండా అడిగాడు.

"సామాను లేదన్నా. మా తమ్ముడున్నడు, పెట్టెల. ఇంటి దాక అంత రాళ్ల బాట, అంబులెన్సు రాదంటున్నరు. నీ బండైతే వాకిట్లకు అస్తదని చెప్పిన్రు."

మొగిలి వస్తానన్నాడు. పానా తీసుకుని వ్యాను సీట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"పోయెటోళ్లా, అచ్చెటోళ్లా?" అని ఊర్మిల గడపలోంచి అడిగింది.

"అచ్చెటోళ్లే" అన్నాడు తలెత్తకుండా.

ఊర్మిల లోపలికి పోయి, పాస్‌పోర్టును మళ్లీ బీరువాలో పెట్టింది.